పార్కులో నడక నుంచి పార్కు పని దాకా: గైడెడ్ వాక్‌లు, వాలంటీరింగ్‌పై సమగ్ర మార్గదర్శి

దగ్గర్లోని పార్కుకో, రక్షిత అడవికో వాలంటీర్‌గా వెళ్ళాలని చాలామందికి ఉంటుంది. ఎక్కువగా జరిగేదేంటంటే, ఒక ఆదివారం మొక్కలు నాటే కార్యక్రమానికి వెళ్ళి, నాలుగు మొక్కలు నాటి, గ్రూప్ ఫొటో దిగి వచ్చేస్తారు. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ చోటుకు దానివల్ల ఒరిగేది తక్కువ. పార్కుకు నిజంగా అక్కరకొచ్చేది ఏడాది పొడవునా మళ్ళీ మళ్ళీ వచ్చే మనిషి. నాటిన మొక్కకు ఎండల్లో నీళ్ళు పోసేదీ, పీకిన కలుపు తిరిగి మొలిస్తే గుర్తుపట్టేదీ ఆ మనిషే.

అలాంటి మనిషిగా మారే దారి పలుగూ పారలతో మొదలవదు, గైడ్ వెంట నడవడంతో మొదలవుతుంది. ముందు చూడటం నేర్చుకోవాలి, తర్వాతే చెయ్యి పెట్టాలి. ఈ వ్యాసం కూడా ఆ వరుసలోనే సాగుతుంది.

1. ఒకే ఒక్క చోటు ఎంచుకోండి

పేరున్న పెద్ద అభయారణ్యం కంటే, ఇంటి నుంచి అరగంటలో చేరుకోగలిగే చిన్న పార్కు మేలు. దూరం ఎక్కువైతే మొదటి నెల ఉత్సాహంగా వెళ్తారు, రెండో నెల వాయిదా వేస్తారు, మూడో నెల మానేస్తారు. చెరువు, కొండవాలు, పాతబడిన తోట, వాగు ఒడ్డు, ఏదైనా పర్వాలేదు. చూడాల్సింది మూడే: అక్కడ గడ్డిని అలంకారంగా కత్తిరించని భాగం కొంతైనా ఉందా, ప్రజలకు లోపలికి అనుమతి ఉందా, ఆ చోటును పట్టించుకునే సంస్థో, సిబ్బందో, స్నేహబృందమో ఉన్నారా.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. చాలా పార్కులకు 'మిత్రులు' పేరుతో చిన్న బృందాలుంటాయి. గేటు దగ్గర నోటీసు బోర్డు, పార్కు ఆఫీసు, పక్షులు చూసేవాళ్ళ క్లబ్బు, కాలేజీలోని వృక్షశాస్త్ర విభాగం, వీటిలో ఎక్కడో ఒకచోట వాళ్ళ ఆచూకీ దొరుకుతుంది. ఏ బృందమూ లేకపోతే మీరే మొదలుపెట్టవచ్చు. దాని సంగతి చివర్లో చెప్తాను.

2. ఏ నడకకు వెళ్ళాలి?

గైడెడ్ వాక్ అనగానే తెల్లవారుజామున లేచి పక్షులు చూడటమే అనుకుంటారు. నిజానికి మీ వేళను బట్టీ, ఓపికను బట్టీ చాలా రకాలున్నాయి.

పక్షుల నడక సూర్యోదయంతో మొదలవుతుంది, ఎందుకంటే తొలి రెండు మూడు గంటల్లోనే పక్షులు బాగా తిరుగుతాయి, బాగా కూస్తాయి. పొద్దున్నే లేవలేనివాళ్ళు తూనీగలు, సీతాకోకచిలుకల నడకకు వెళ్ళండి. వాటికి ఒంట్లో వేడి ఎక్కాలి కాబట్టి ఎండ పైకొచ్చాకే చురుగ్గా ఎగురుతాయి. చెట్లను గుర్తుపట్టే నడక ఏ వేళైనా పెట్టవచ్చు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు అది హాయిగా ఉంటుంది, ఎందుకంటే గంటకు అరకిలోమీటరు కూడా నడవరు. కప్పల నడకలు తొలి వానలు పడ్డ రాత్రుల్లో ఉంటాయి. జపాన్‌లో 1982లో అక్కడి అటవీ శాఖ 'షిన్‌రిన్ యోకు' (అడవి స్నానం) అనే పేరుతో మొదలుపెట్టిన నడకలు ఇప్పుడు చాలా దేశాల్లో జరుగుతున్నాయి. వాటిలో పేర్లు నేర్పరు, లెక్కలు రాయరు. నెమ్మదిగా నడుస్తూ వినడం, వాసన చూడటం, ఆగి కూర్చోవడం, అంతే. టెన్షన్ తగ్గడానికే వెళ్ళాలనుకునేవాళ్ళకు ఇది సరైన ఎంపిక.

నన్నడిగితే, ఒక్కసారైనా రాత్రి నడకకు వెళ్ళి తీరాలి. కళ్ళు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. మధ్యలో ఎవరైనా ఫోన్ వెలిగిస్తే ఆ అలవాటు పోతుంది, మళ్ళీ మొదటికొస్తుంది. అందుకే గైడ్‌లు ఎర్ర కాగితం చుట్టిన టార్చి వాడతారు. ఒక చిన్న పని చేసి చూడండి: మామూలు టార్చిని కణత దగ్గర, కంటి ఎత్తులో పట్టుకుని, గడ్డి మీదికి వెలుతురు వెయ్యండి. నాలుగడుగుల దూరంలో, ఆరడుగుల దూరంలో, మంచు బిందువుల్లాంటి చుక్కలు ఆకుపచ్చగానో నీలంగానో మెరుస్తాయి. ఒక చుక్క మీద చూపు నిలిపి దగ్గరికి వెళ్తే, అది నేల మీద కాచుకుని కూర్చున్న తోడేలు సాలీడు కన్ను. టార్చిని నడుము దగ్గరికి దించితే ఆ మెరుపు కనబడదు, ఎందుకంటే సాలీడు కంటి వెనకున్న పొర వెలుతురును వచ్చిన దారినే తిప్పి పంపుతుంది. పగలు మీరు రోజూ తొక్కుకుంటూ పోయే పచ్చికలో ఎన్ని ప్రాణులు ఉన్నాయో అప్పుడు తెలుస్తుంది.

తెల్లటి గుడ్డ కట్టి, దాని ముందు దీపం పెట్టి, సీతాకోకచిలుకల్లాంటి, ఎక్కువగా రాత్రిపూట తిరిగే మాత్‌లను చూసే కార్యక్రమాలు కూడా రాత్రే జరుగుతాయి. అమావాస్యకు దగ్గరి రోజుల్లో, గాలి లేని, కాస్త ఉక్కగా ఉన్న రాత్రికి వెళ్తే ఎక్కువ కనిపిస్తాయి. పని అయ్యాక దీపం ఆర్పి, గుడ్డను నెమ్మదిగా దులిపి వాటిని పంపించేస్తారా అని నిర్వాహకులను ముందే అడగండి. ఆ మాటకు సరైన జవాబు రాకపోతే ఆ కార్యక్రమం మీకొద్దు.

3. బయల్దేరేముందు

ఖర్చు పెట్టాల్సింది చాలా తక్కువ. పాత బూట్లు, పొడుగు చేతుల చొక్కా, పొడుగు ప్యాంటు, టోపీ, నీళ్ళు, చిన్న నోట్‌బుక్, పెన్సిల్ చాలు. పెన్ను సిరా వానకు కారిపోతుంది, పెన్సిల్‌కి ఆ బెడద లేదు. మెరిసే రంగులు వద్దు, ఘాటైన సెంటు వద్దు.

బైనాక్యులర్స్ మొదటి నడకకే కొనకండి. చాలా బృందాలు అరువిస్తాయి. తర్వాత కొనాలనిపిస్తే 8x42 అని రాసి ఉన్నవి చూడండి. 8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుందని, 42 అంటే ముందు అద్దం అడ్డకొలత 42 మిల్లీమీటర్లని. పది, పన్నెండు రెట్లవి ఇంకా బాగుంటాయని షాపువాళ్ళు చెప్తారు కానీ, ఎక్కువ రెట్లు అంటే చేతి వణుకు కూడా అన్ని రెట్లు కనబడుతుంది, చూసే మేర కూడా ఇరుకవుతుంది. కొత్తవాళ్ళకు ఎనిమిదే సుఖం.

వాడటంలో ఒక కిటుకుంది. పిట్ట కనబడగానే తల దించి బైనాక్యులర్స్ వెతుక్కుంటే, మళ్ళీ తలెత్తేసరికి పిట్ట ఉండదు. చూపును పిట్ట మీద నుంచి కదపకుండా, బైనాక్యులర్స్‌నే కళ్ళ ముందుకు తెచ్చుకోవాలి. ఇంటి కిటికీలోంచి దూరంగా ఉన్న ఏ బోర్డు మీదో పది నిమిషాలు సాధన చేస్తే చెయ్యి తిరుగుతుంది.

బయల్దేరేముందు బూట్ల అడుగులు బ్రష్‌తో రుద్దండి, వచ్చాక మళ్ళీ రుద్దండి. ఒక చోటి కలుపు గింజలు మన బూట్లలోని మట్టితో, సాక్సులకు అంటుకున్న ముళ్ళకాయలతో కూడా ఇంకో చోటికి చేరతాయి. ప్రపంచమంతటా కప్పల జాతులను తుడిచిపెడుతున్న కైట్రిడ్ బూజు తడి మట్టితో కూడా పాకుతుంది. ఒకే రోజు రెండు చెరువులకు వెళ్ళేవాళ్ళయితే మధ్యలో బూట్లు కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి.

4. నడకలో ఎలా ఉండాలి

గైడ్‌ను దాటి ముందుకు వెళ్ళకండి. వేలు చూపించాల్సి వస్తే చెయ్యి మెల్లగా ఎత్తండి, ఒక్కసారిగా చాచిన చెయ్యి పిట్టను లేపేస్తుంది. గుంపుగా నిలబడినప్పుడు ఎత్తుగా ఉన్నవాళ్ళు వెనక్కి జరగాలి. ఇవి చెప్పకుండానే తెలిసే విషయాల్లా ఉంటాయి కానీ, ఒక్కరు మరిచినా అందరి నడకా పాడవుతుంది.

ఫోన్‌లో పక్షి కూత వేసి దాన్ని బయటికి రప్పించే అలవాటు చాలాచోట్ల ఉంది. దయచేసి ఆ పని చెయ్యకండి, చేసేవాళ్ళను ప్రోత్సహించకండి. తన ఇలాకాలోకి ఇంకో మగపక్షి వచ్చిందనుకుని అది గూడు వదిలి పోట్లాటకు వస్తుంది. ఆ కాసేపట్లో గుడ్లు చల్లబడవచ్చు, పిల్లలు ఆకలితో ఉండవచ్చు. గూడు ఫొటోలు, ముఖ్యంగా చోటు తెలిసేలా ఉన్న ఫొటోలు బయట పెట్టడం కూడా అంతే హాని. జంతువులకు తిండి పెట్టకూడదన్నది అందరికీ తెలిసిందే.

కొత్తగా వచ్చినవాళ్ళు అన్ని పేర్లూ ఒకేసారి రాసుకోవాలని తంటాలు పడతారు. అలా రాసినవి ఇంటికెళ్ళాక ఒక్కటీ గుర్తుండవు. ఒక నడకకు మూడు జీవులు చాలు. ఒక చెట్టు, ఒక పిట్ట, ఒక పురుగు. వాటిని బాగా చూడండి. చెట్టయితే ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటి ఉన్నాయా, బెరడు పొరలుగా ఊడుతోందా, ఆకు గిల్లితే పాలొస్తున్నాయా. పిట్టయితే తోక ఊపుతోందా, నడుస్తోందా, గెంతుతోందా. పేరు గైడ్ చెప్తారు, ఈ వివరాలు మాత్రం మీరే చూడాలి.

ఏ ఆకు మీదైనా కొరికిన గుర్తులుంటే ఆగండి. అంచు నుంచి అర్ధచంద్రాకారంలో శుభ్రంగా కోసినట్టుంటే ఆకుకోత తేనెటీగ పని. మధ్యలో చిల్లులుంటే పెంకుపురుగో చిన్న గొంగళిపురుగో అయి ఉండవచ్చు. ఆకు లోపల తెల్లటి వంకర దారి కనిపిస్తే, రెండు పొరల మధ్య ఒక పిల్లపురుగు తింటూ వెళ్ళిందన్నమాట. ఆ దారి మొదట్లో సన్నగా, పోనుపోను లావుగా ఉంటుంది, ఎందుకంటే తింటున్నకొద్దీ పురుగు పెరిగింది. ఇలా చూడటం అలవాటయ్యాక, 'పురుగు పట్టిన ఆకు' అని తుంచి పారేసే చెయ్యి దానంతటదే ఆగుతుంది. వాలంటీర్‌గా మొదటి అర్హత అదే.

ఒకే చోట కనీసం నాలుగైదు నడకలు, అదీ వేర్వేరు కాలాల్లో అయ్యాక, తర్వాతి మెట్టుకు వెళ్ళండి.

5. పేరిచ్చేముందు అడగాల్సినవి

వాలంటీర్ ఫారంలో అత్యవసరంలో ఫోన్ చెయ్యాల్సిన మనిషి, అలర్జీలు, వాడే మందులు అడుగుతారు. దాచకుండా రాయండి. పద్దెనిమిదేళ్ళ లోపువాళ్ళకు తల్లిదండ్రుల సంతకం కావాలి. పిల్లలతో కలిసి చేసే పనులకు చాలాచోట్ల మీ నేపథ్యాన్ని ఆరా తీస్తారు, దానికి నొచ్చుకోకండి.

వాళ్ళు మిమ్మల్ని అడిగినట్టే మీరూ వాళ్ళను అడగాలి. ఈ పనికి పార్కు అధికారుల అనుమతి ఉందా? దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ ఉందా? ప్రథమ చికిత్స తెలిసినవాళ్ళు ఆ రోజు ఉంటారా? మొక్కలు నాటే పని అయితే ఒకటే ప్రశ్న: వచ్చే రెండేళ్ళు వీటికి నీళ్ళెవరు పోస్తారు? దీనికి 'చూద్దాం' అని జవాబొస్తే, నాటే కార్యక్రమానికి కాకుండా నీళ్ళు పోసే పనికి పేరివ్వండి. ఫొటోలు ఉండవు, కానీ మొక్కలు బతికేది ఆ పనితోనే.

ఎంత సమయం ఇస్తారో తక్కువ చేసి చెప్పండి. నెలకు ఒక పూట అని చెప్పి తప్పకుండా రావడం, ప్రతి వారం అని చెప్పి రాకపోవడం కంటే వాళ్ళకు ఎంతో నయం. బరువులు ఎత్తలేనివాళ్ళకూ పనుంది: నర్సరీలో గింజలు ఏరడం, మొక్కలకు పేరు చీటీలు రాయడం, సమాచార కేంద్రంలో కూర్చోవడం, పాత లెక్కలను కంప్యూటర్‌లోకి ఎక్కించడం.

6. కలుపు తీయడం: అన్నిటికంటే కష్టమైన పని

కలుపు తీయడం తేలికని అందరూ అనుకుంటారు. ఏది పీకాలో తెలియకుండా ఉత్సాహంగా పీకే పదిమంది ఒక్క పూటలో చేసే నష్టం పూడటానికి ఏళ్ళు పడుతుంది. కాబట్టి మొదటి నియమం ఇది: పేరు చెప్పలేని మొక్కను పీకకండి. అనుమానం వస్తే దాని పక్కన ఒక పుల్ల గుచ్చి నాయకుణ్ణి పిలవండి.

ఎక్కడ మొదలుపెట్టాలన్నది రెండో ప్రశ్న. కలుపు దట్టంగా ఉన్నచోటే మొదలుపెట్టాలనిపిస్తుంది. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో జోన్, ఐలీన్ బ్రాడ్లీ అనే అక్కచెల్లెళ్ళు 1960లలో తమ ఇంటి దగ్గరి పార్కులో రోజూ నడుస్తూ, చేత్తో కలుపు తీస్తూ, దీనికి సరిగ్గా ఎదురు పద్ధతి కనిపెట్టారు. బాగున్న చోటు నుంచి పాడైన చోటు వైపు పని చెయ్యాలి. మట్టిని వీలైనంత తక్కువ కదపాలి, కదిపిన చోట రాలిన ఆకులను మళ్ళీ కప్పాలి. స్థానిక మొక్కలు ఎంత వేగంగా తిరిగి మొలుస్తాయో అంత వేగంగానే కలుపు తీయాలి, అంతకు మించి కాదు. ఇవే వాళ్ళ మూడు సూత్రాలు. ఎందుకంటే, ఖాళీ చేసిన నేల ఖాళీగా ఉండదు. ఒక్కసారిగా ఎకరం శుభ్రం చేస్తే, వెలుతురు తగిలిన మట్టిలో ముందు లేచేది మళ్ళీ ఆ కలుపే. వాళ్ళిద్దరూ వృత్తిరీత్యా వృక్షశాస్త్రవేత్తలు కారు. రోజూ అదే చోట నడవడం వల్లే ఆ సంగతి పట్టుకోగలిగారు.

మూడోది, ప్రతి కలుపుకూ దాని కిటుకు వేరు. లాంటానా కంప సంగతే తీసుకోండి. ఉష్ణమండల అమెరికా నుంచి పూలమొక్కగా బయల్దేరి వేడి దేశాలన్నిటా అడవుల్లోకి చొరబడిన మొక్క ఇది. పైన నరికితే అంతకు రెట్టింపు కొమ్మలేస్తుంది. గునపంతో తవ్వి వేళ్ళన్నీ లాగేస్తే మట్టి అంతా గుల్లవుతుంది, లోపల నిద్రపోతున్న గింజలు లేస్తాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు సి.ఆర్. బాబు బృందం దీనికి ఒక పద్ధతి తయారుచేసింది. మొక్క మొదట్లో మట్టి కొద్దిగా జరిపి, నేలకు మూడు నుంచి అయిదు సెంటీమీటర్ల కింద తల్లివేరును ఒకే దెబ్బకు కోస్తారు. కొత్త చిగుళ్ళు వేసే కణుపు ఆ పై భాగంలోనే ఉంటుంది. అది తెగిపోతే కింద మిగిలిన వేరు నుంచి మొలక రాదు. కోసిన మొక్కను వేళ్ళు ఆకాశం వైపు ఉండేలా తలకిందులుగా పెడతారు, మట్టి తగిలితే మళ్ళీ నాటుకుంటుంది కాబట్టి. అంతటితో అయిపోలేదు. పిట్టలు ఎక్కే పెద్ద చెట్ల కింద, వాటి రెట్టల్లోంచి పడ్డ గింజలు మొలుస్తూనే ఉంటాయి. వాన పడ్డ తర్వాత వచ్చి ఆ చెట్ల కింద వేలెడంత మొలకలను చేత్తో తీసెయ్యాలి. ఆ రెండో రాకకు ఎవరూ ఉండరు. మీరు ఉండండి.

వయ్యారిభామను పూత రాకముందే తీయాలి, పూస్తే ఒక్క మొక్కే వేల గింజలు రాలుస్తుంది. చేతి తొడుగులు, పొడుగు చేతులు తప్పనిసరి. కొందరికి చర్మం మీద దద్దుర్లు, ఉబ్బసం తెప్పిస్తుంది కాబట్టి మాస్కు కూడా పెట్టుకోండి. గుర్రపుడెక్కను లాగి ఒడ్డుకు ఆనించి వదిలేస్తే మొదటి అలకే నీళ్ళలోకి జారుతుంది. అన్నీ అనుకూలిస్తే రెండు వారాల్లో రెట్టింపయ్యే మొక్క అది. నీటికి దూరంగా మోసుకెళ్ళి ఎండబెట్టాలి. చెరువంతా ఒకేసారి ఖాళీ చెయ్యకండి, దాని కింద చేపపిల్లలు, మీద తిరిగే నీటికోళ్ళు ఉంటాయి. కలుపు మందుల పని శిక్షణ పొందిన సిబ్బందిది, వాలంటీర్లది కాదు.

ఎండిన మాను, రాలిన ఆకు, పుట్టగొడుగు పట్టిన దుంగ చెత్త కాదు. వడ్రంగి పిట్టకు గూడూ, పెంకుపురుగు పిల్లలకు తిండీ, మట్టికి తేమా అక్కడి నుంచే వస్తాయి. దారి మీద పడ్డ కొమ్మను పక్కకు జరపండి, కాల్చకండి.

7. మిగతా పనులు

నాటడం గురించి కొద్దిగా చెప్తాను. గుంత వేరుముద్దకు రెండు మూడు రెట్లు వెడల్పు ఉండాలి, లోతు మాత్రం వేరుముద్దంతే. కాండం, వేరు కలిసే చోటు నేలతో సమానంగా ఉండాలి. లోతుగా పాతితే మొదలు కుళ్ళుతుంది. సంచిలో గుండ్రంగా చుట్టుకున్న వేళ్ళను చేత్తో విడదీయండి. మొక్క చుట్టూ అయిదు నుంచి పది సెంటీమీటర్ల మందాన ఎండుటాకులు పరచండి, కాండానికి ఆనకుండా.

చెత్త ఏరడం కూడా లెక్కతో చేస్తే విలువ పెరుగుతుంది. 1986లో అమెరికాలోని టెక్సాస్ తీరంలో లిండా మరానిస్, క్యాథీ ఓహారా మొదలుపెట్టిన తీరశుద్ధి ఇప్పుడు అంతర్జాతీయ కార్యక్రమం. మొదటి నుంచీ వాళ్ళు చేసిన మంచి పని, ఏరిన ప్రతి వస్తువునూ కార్డు మీద రాయించడం. ఎన్ని మూతలు, ఎన్ని సంచులు, ఎన్ని సిగరెట్ పీకలు అని తెలిస్తేనే ఆ చెత్త ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోవచ్చు. సూదులు, మందు డబ్బాలు కనిపిస్తే ముట్టుకోకుండా నాయకుణ్ణి పిలవాలి.

జీవుల లెక్క రాయడం చాలా పాత వాలంటీర్ పని. 1900 క్రిస్మస్ రోజున ఉత్తర అమెరికాలో పక్షిశాస్త్రవేత్త ఫ్రాంక్ చాప్‌మన్ పిలుపుతో 27 మంది 25 చోట్ల పక్షులను లెక్కపెట్టారు. అప్పటిదాకా పండుగకు పక్షులను వేటాడటం అక్కడ ఆటగా ఉండేది. దానికి బదులుగా పుట్టిన ఆ లెక్క నేటికీ ఏటా నడుస్తోంది. ఇవాళ ఎవరైనా 2002లో మొదలైన ఈబర్డ్ వెబ్‌సైట్‌లో పక్షుల జాబితా రాయవచ్చు, 2008లో మొదలైన ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో ఏ జీవి ఫొటో అయినా పెట్టవచ్చు. పెరటి పక్షుల లెక్క అయిన గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌కు ఫిబ్రవరిలో పదిహేను నిమిషాలు చాలు.

పక్షుల జాబితా రాసేటప్పుడు అరుదైనవే కాదు, గుర్తుపట్టిన ప్రతి పక్షినీ రాయండి, సంఖ్యతో సహా. కాకులు, పావురాలు ఎవరు రాస్తారులే అని వదిలేస్తే, రేపు పిచ్చుకలు తగ్గాయో లేదో చెప్పే ఆధారం ఉండదు. మొక్క ఫొటో పెట్టేటప్పుడు పువ్వు ఒక్కటే కాకుండా ఆకు పైభాగం, అడుగుభాగం, కాండం, మొత్తం మొక్క కూడా తీయండి. పువ్వు ఒక్కదాన్నే చూసి నిపుణులు కూడా చెప్పలేని జాతులు బోలెడు.

8. ఒంటికి ప్రమాదం రాకుండా

పనిముట్టు మొన కిందికి ఉండేలా, శరీరానికి పక్కగా పట్టుకుని నడవాలి, భుజం మీద వేసుకోకూడదు. కొడవలి, పలుగు వాడేటప్పుడు మనిషికీ మనిషికీ మూడు మీటర్లయినా ఎడం ఉండాలి. ఉరుము వినబడితే పని ఆపి భవనంలోకో మూసిన వాహనంలోకో వెళ్ళాలి, చెట్టు కిందికి కాదు. చివరి ఉరుము వినబడ్డ అరగంట తర్వాతే బయటికి రావాలి.

దాహం వేయకముందే నీళ్ళు తాగండి. పక్కవాళ్ళు తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడుతూ, ఒళ్ళు కాలిపోతూ ఉంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, నీళ్ళు పోసి, విసురుతూ ఒళ్ళు చల్లబరచాలి, అదే సమయంలో అంబులెన్స్‌కు ఫోన్ చెయ్యాలి. పాము కరిస్తే కొయ్యకూడదు, నోటితో పీల్చకూడదు, గట్టిగా కట్టు కట్టకూడదు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా ఆస్పత్రికి మోసుకెళ్ళాలి. ఉంగరాలు, కడియాలు వెంటనే తీసెయ్యండి, వాపొస్తే రావు. తేనెటీగలు లేస్తే చేతులు విసరకుండా ముఖం కప్పుకుని పరుగెత్తి దూరం వెళ్ళాలి. ఒంటికి పిడుదు పట్టుకుంటే సన్నమొన పటకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిటారుగా లాగాలి.

9. మీరే నడక నడిపించే రోజు

రెండు మూడు సీజన్లు తిరిగాక, ఎవరో ఒకరు 'ఈసారి నువ్వు తీసుకెళ్ళు' అంటారు. పేర్లన్నీ రాకపోయినా ఒప్పుకోండి. గైడ్‌కు కావాల్సింది చోటు తెలియడం.

ముందురోజు అదే వేళకు అదే దారిలో నడిచి రండి. పూసిన చెట్టు, కొత్త గూడు, విరిగిపడ్డ కొమ్మ, బురద, కందిరీగల తుట్టె, అన్నీ గుర్తు పెట్టుకోండి. గూడు కనిపిస్తే ఆ దారి మార్చండి. గుంపు పదిహేనుమందికి మించితే వెనకవాళ్ళకు ఏమీ వినబడదు, కనబడదు. ఎక్కువమంది వస్తే రెండు జట్లు చెయ్యండి. చివర్లో నడవడానికి నమ్మకమైన మనిషిని పెట్టండి, వాళ్ళ వెనక ఎవరూ ఉండకూడదు. బయల్దేరేముందే ఎంతసేపు పడుతుందో, ఎత్తుపల్లాలు ఎక్కడున్నాయో, మధ్యలో టాయిలెట్ ఉందో లేదో చెప్పండి. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళకూ, పసిపిల్లలతో వచ్చేవాళ్ళకూ ఆ మాటలు చాలా అవసరం.

ఆగినప్పుడు ఎండ మీ ముఖం మీద పడేలా నిలబడండి, వాళ్ళ ముఖాల మీద కాదు. చివరి మనిషి వచ్చి చేరేదాకా మాట మొదలుపెట్టకండి. నడకంతటికీ ఒక విషయం ఉంటే బాగుంటుంది: 'ఈ పార్కులో ఎవరు ఎవర్ని తింటారు' అనో, 'గింజలు ఎలా ప్రయాణం చేస్తాయి' అనో. చెట్టు దగ్గర ఆగి పేరు, ఉపయోగాలు అప్పజెప్పే బదులు, 'ఈ కాయ ఇంత జిగురుగా ఎందుకుందంటారు?' అని అడగండి. అడిగాక ఆగండి. ఆ నిశ్శబ్దం పొడుగ్గా అనిపిస్తుంది, భరించండి. ఎవరో ఒక పిల్లవాడు 'పిట్ట ముక్కుకు అంటుకోవడానికి' అంటాడు, అప్పుడు గుంపంతా ఆ కాయను చూడటానికి ముందుకొస్తుంది. తెలియని ప్రశ్నొస్తే తెలియదని చెప్పి, ఫొటో తీసి, కనుక్కుని తర్వాత వాళ్ళకు పంపండి. చెప్పిన టైముకు ముగించండి.

మీ చోటులో బృందమే లేకపోతే, పార్కు అధికారుల దగ్గరికి పెద్ద ప్రణాళికతో వెళ్ళకండి. నెలకొక నడక, ఉచితం, పదిహేనుమంది, తేదీలు ఇవీ అని ఒక కాగితం రాసివ్వండి. ఆరు నెలలు ఆపకుండా నడిపాక, కలుపు పనికి అనుమతి అడగండి. అప్పటికి ఎవరు మళ్ళీ మళ్ళీ వస్తున్నారో మీకు తెలిసిపోయి ఉంటుంది, పని వాళ్ళతోనే మొదలుపెట్టవచ్చు.

10. పార్కు నోట్‌బుక్

పని మొదలైన రోజు నుంచీ ఒక పుస్తకం పెట్టండి. తేదీ, వాతావరణం, ఎంతమంది వచ్చారు, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఏం తీశారు, ఏం మొలకెత్తింది, మళ్ళీ ఎప్పుడు చూడాలి. ఒకే బండ మీద నిలబడి, ఒకే దిక్కుకు, నెలకొక ఫొటో తీసి పెట్టండి. మొదటి ఆరు నెలల ఫొటోల్లో తేడా ఏమీ కనబడదు. మూడో ఏడు తీసినది మొదటిదాని పక్కన పెట్టి చూస్తే గడ్డి జాతులు మారడం, పొదలు లేవడం కనిపిస్తుంది. అధికారులు మారినప్పుడు, నిధుల కోసం అడిగినప్పుడు, ఎవరైనా ఆ చోటును చదును చేద్దామన్నప్పుడు చూపించడానికి మీ చేతిలో ఉండేవి ఆ ఫొటోలు, ఆ లెక్కలే. పుస్తకాన్ని ఒకరి ఇంట్లో ఉంచకండి. ఒక కాపీ పార్కు ఆఫీసులో, ఇంకోటి బృందంలో వయసులో చిన్నవాళ్ళ దగ్గర ఉండాలి. మీరు ఊరు మారాల్సి వస్తే, వెళ్ళేముందు ఆ పుస్తకం తీసుకునే మనిషితో కలిసి ఒకసారి మొత్తం చోటంతా నడిచి, ఏ చెట్టు కింద లాంటానా మొలకలు వస్తాయో వేలు పెట్టి చూపించండి.